డాలస్ నుంచి చికాగో సమ్మర్ ప్రోగ్రాంకి: కారులో దింపాలా, ఫ్లైట్ ఎక్కించాలా?

సమ్మర్ ప్రోగ్రాంలో సీటు వచ్చిందని మెయిల్ వచ్చిన రోజు ఇంట్లో పండగలా ఉంటుంది. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర మొదలయ్యే మాట వేరు: "మరి అంత దూరం పిల్లని ఎలా తీసుకెళ్దాం?"

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మా అమ్మాయి వరసగా రెండు వేసవులు చికాగో పక్కనున్న ఎవాన్‌స్టన్‌లో, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ క్యాంపస్‌లో మూడు వారాల ప్రోగ్రాంకి వెళ్ళింది. 12 ఏళ్ళప్పుడు ఫ్లైట్‌లో తీసుకెళ్ళాం, మరుసటి ఏడు కారులో. రెండూ చేసి చూశాక నాకు తెలిసింది ఇది: దింపడానికి వెళ్ళే ప్రయాణం, తిరిగి తెచ్చుకునే ప్రయాణం ఒకటి కావు. సామాను వేరు, పిల్ల మనసు వేరు, మనకు దొరికే సెలవు వేరు. రెంటికీ విడివిడిగా లెక్క వేసుకోవాలి. మొత్తానికి కలిపి "కారా, ఫ్లైటా" అని అడిగినంతకాలం ఇంట్లో ఆ వాదన తెగదు.

ముందు దూరం సంగతి

డాలస్ నుంచి ఆస్టిన్ 200 మైళ్ళు, హ్యూస్టన్ 240. అంత దగ్గరికి ఫ్లైట్ గురించి ఆలోచించక్కర్లేదు. అలబామాలోని హంట్స్‌విల్‌లో స్పేస్ క్యాంప్ ఉంది కదా, అది సుమారు 650 మైళ్ళు, పది గంటల దారి. డ్రైవ్ చేసేవాళ్ళు ఇద్దరుంటే తెల్లారగట్ల బయల్దేరి సాయంత్రానికి చేరిపోవచ్చు. బోస్టన్, స్టాన్‌ఫర్డ్ వైపు ప్రోగ్రాములైతే రెండూ 1,700 మైళ్ళ పైమాటే. మధ్యలో చూడాల్సిన ఊళ్ళేవో ఉంటే తప్ప అంత దూరం కారులో వెళ్ళమని నేనెవరికీ చెప్పను.

చికాగో ఈ రెంటికీ మధ్యలో ఉంది. దగ్గర దగ్గర 950 మైళ్ళు. ఎక్కడా ఆగకపోతే 14, 15 గంటలు. ఫ్లైట్ గాల్లో ఉండేది రెండున్నర గంటలే. తేల్చుకోవడం కష్టమయ్యేది ఇలాంటి దూరాలకే. అట్లాంటా నుంచో న్యూజెర్సీ నుంచో చికాగో వెళ్ళేవాళ్ళకు 700 నుంచి 800 మైళ్ళుంటుంది కాబట్టి కింద రాసినవి వాళ్ళకూ చాలావరకు పనికొస్తాయి.

వేటిని బట్టి నిర్ణయించుకోవాలి

చాలామంది డబ్బుతో మొదలుపెడతారు. నేను డబ్బును చివర పెడతాను, ఎందుకో కింద లెక్క చూస్తే తెలుస్తుంది. నా వరస ఇది.

మొదటిది, డార్మ్‌లో చెక్-ఇన్ టైము. చాలా ప్రోగ్రాములు ఆదివారం పూట కొన్ని గంటలు మాత్రమే చెక్-ఇన్ పెడతాయి. ఆ సాయంత్రమే ఓరియెంటేషన్, రూమ్మేట్ల పరిచయం అయిపోతాయి. ఆలస్యంగా వెళ్ళిన పిల్లకి అప్పటికే జట్లు కట్టేసిన వాళ్ళ మధ్య కూర్చోవాల్సి వస్తుంది. పెద్దవాళ్ళకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ 12, 13 ఏళ్ళ పిల్లకి చిన్నది కాదు.

రెండోది, పిల్ల వయసు. ఒంటరిగా ఫ్లైట్ ఎక్కించగలమా లేదా అన్నది దీన్ని బట్టే తేలుతుంది.

మూడోది, ఎంతమంది వెళ్తున్నారు, అందులో డ్రైవ్ చేసేవాళ్ళు ఎంతమంది. నాలుగోది సెలవులు. ఐదోది సామాను. వాతావరణం, కాగితాలు, డబ్బు ఆ తర్వాత.

కారులో వెళ్తే

మా రెండో వేసవి ప్రయాణం కారులో. శనివారం పొద్దున ఆరింటికి ఫ్రిస్కోలో బయల్దేరాం. యూఎస్-75 మీద ఉత్తరానికి వెళ్ళి, ఓక్లహోమాలో యూఎస్-69 పట్టుకుని, మెకాలెస్టర్, మస్కోగీ దాటి విల్ రోజర్స్ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కాం. వినీటా దగ్గర హైవేకి అడ్డంగా, వంతెనలా కట్టిన పెద్ద రెస్ట్ స్టాప్ ఉంది. కింద లారీలు దూసుకుపోతుంటే పైన అద్దాల వెనక కూర్చుని పులిహోర తిన్నాం. అక్కణ్ణుంచి ఐ-44 మీద జాప్లిన్, స్ప్రింగ్‌ఫీల్డ్, రోలా. రాత్రికి సెయింట్ లూయిస్. మొదటి రోజు సుమారు 640 మైళ్ళు. రెండో రోజు ఐ-55 మీద 310 మైళ్ళు, ఐదు గంటలు. ఇలా రెండు భాగాలుగా చేసుకుంటే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఎవాన్‌స్టన్‌లో ఉండొచ్చు.

ఒక్క రోజులో లాగించేద్దాం అనేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. నిద్రమత్తు వల్ల జరిగే ప్రమాదాలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు మధ్య, మళ్ళీ మధ్యాహ్నం దాటాక ఎక్కువగా జరుగుతాయి. శుక్రవారం ఆఫీసు ముగించుకుని రాత్రంతా నడిపితే తెల్లవారుజామున మీరుండేది మిజోరీ కొండదారుల్లో. మైలుకు మైలు పోల్చినా కారు కంటే విమానం ఎంతో సురక్షితం. ఆ తేడాను ఇంకా పెంచుకునే పని మనమే చేయకూడదు.

కారుకున్న అసలు లాభం సామాను అనుకునేదాన్ని. లాభమే. డార్మ్ మంచాలకు ట్విన్ ఎక్స్‌ఎల్ దుప్పట్లు కావాలి, దిండు, టేబుల్ ఫ్యాన్, లాండ్రీ బుట్ట, ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, అన్నీ తూకం గొడవ లేకుండా డిక్కీలో పడతాయి. సంగీతం ప్రోగ్రాంకి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళకి ఇది ఇంకా పెద్ద విషయం. వయొలిన్‌ని విమానంలో చేతి సామానుగా తీసుకెళ్ళనివ్వాలని అమెరికాలో 2012 చట్టమే ఉంది, ఎక్కే సమయానికి పైన చోటుంటే. మృదంగం, వీణ అలా పట్టవు. ఒక్క జాగ్రత్త: జూన్ ఎండలో ఆపిన కారులో వాయిద్యాన్ని అరగంట కూడా వదలకండి. జిగురు వదిలేస్తుంది, కర్ర బీట వారుతుంది. అలర్జీ ఇంజెక్షన్లు, ఇన్సులిన్ సంగతీ అంతే.

కానీ సామాను కంటే పెద్ద లాభం నాకు రోలా దాటాక తెలిసింది. చీకటి పడుతోంది, మావారు నడుపుతున్నారు, నేను వెనక సీట్లో అమ్మాయి పక్కన ఉన్నాను. పొద్దుటినుంచి ఇయర్‌ఫోన్స్ తీయని పిల్ల ఉన్నట్టుండి అడిగింది: "అమ్మా, పోయినసారిలాగే అక్కడ నాతో ఎవరూ మాట్లాడకపోతే?" ముందటి ఏడు మొదటి వారమంతా ఒక్కతే భోజనం చేసిందట. ఏడాదిపాటు మాకు చెప్పలేదు. ఆ రాత్రి సెయింట్ లూయిస్ చేరేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఎయిర్‌పోర్టు లైన్లో, బ్యాగులు, గేటు నంబర్ల హడావుడిలో ఆ మాట బయటికి వచ్చేది కాదని నా నమ్మకం. మొహాలు చూసుకోకుండా పక్కపక్కన గంటలకొద్దీ కూర్చుంటే పిల్లలు చెప్పుకోలేనివి చెప్పుకుంటారు. అందుకే దింపడానికి వెళ్ళే ప్రయాణానికి నేను కారువైపే మొగ్గుతాను.

దారిలో చూసేవీ ఉన్నాయి. సెయింట్ లూయిస్‌లో 630 అడుగుల గేట్‌వే ఆర్చ్, ఇల్లినాయ్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ ఉన్న ఇల్లు. చికాగోకి ముందు ఐ-55 పక్కనే లెమాంట్‌లో రామాలయం. దింపే ముందు అక్కడ ఆగి దండం పెట్టుకుని వెళ్ళాం. తిరుగు దారిలో కాస్త పక్కకు వెళ్తే అరోరాలో బాలాజీ గుడి కూడా ఉంది.

ఇక కారుతో వచ్చే ఇబ్బంది. దింపేశాక ఆ 950 మైళ్ళు మళ్ళీ వెనక్కి నడపాలి. వెళ్ళేటప్పుడున్న ఉత్సాహం అప్పుడుండదు. వెనక సీటు ఖాళీగా ఉంటుంది, మాటలుండవు, నిద్ర త్వరగా వస్తుంది. సోమవారం సెలవు తప్పదు, ఒక్కోసారి మంగళవారం కూడా. డ్రైవ్ చేసేది ఒక్కరే అయితే ఈ తిరుగు ప్రయాణం గురించే ఎక్కువ ఆలోచించాలి. ఒంటరిగా రెండు రోజులు నడపడం కంటే ఫ్లైట్ మేలు.

ఫ్లైట్‌లో వెళ్తే

డాలస్ పెద్ద ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూ నుంచి చికాగోలోని ఓహేర్‌కి రోజంతా నేరుగా వెళ్ళే ఫ్లైట్లుంటాయి. డాలస్‌లోని ఇంకో ఎయిర్‌పోర్టు లవ్ ఫీల్డ్ నుంచి సౌత్‌వెస్ట్ వాళ్ళవి చికాగో రెండో ఎయిర్‌పోర్టు మిడ్‌వేకి వెళ్తాయి. ఎవాన్‌స్టన్ చికాగోకి ఉత్తరాన ఉంది కాబట్టి ఓహేరే దగ్గర, కారులో అరగంట నుంచి 40 నిమిషాలు. మిడ్‌వేలో దిగితే ఊరంతా దాటి వెళ్ళాలి. టికెట్ 30 డాలర్లు తక్కువని మిడ్‌వే తీసుకుంటే ఆ మిగులు క్యాబ్‌కే పోతుంది.

ఇంటి గుమ్మం నుంచి డార్మ్ గుమ్మం దాకా లెక్కేస్తే ఫ్లైట్ రెండున్నర గంటల ప్రయాణం కాదు. ఎయిర్‌పోర్టుకి 40 నిమిషాలు, రెండు గంటల ముందు ఉండటం, దిగాక బ్యాగుల కోసం అరగంట, క్యాబ్ 40 నిమిషాలు: మొత్తం ఆరున్నర, ఏడు గంటలు. అయినా కారులో పట్టే కాలంలో సగమే. ఆదివారం పొద్దున వెళ్ళి, పిల్లని దింపి, ఆ రాత్రికే ఇంటికి రావచ్చు. ఒక్క సెలవు కూడా ఖర్చవదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు, ఆ ఏడాది సెలవులన్నీ ఇండియా ప్రయాణానికి దాచుకున్నవాళ్ళకు ఇదొక్కటే చాలు ఫ్లైట్ ఎంచుకోవడానికి.

మొదటి వేసవి మేము చేసిన పొరపాటు సాయంత్రం ఫ్లైట్ తీసుకోవడం. మర్నాడు పొద్దున చెక్-ఇన్ కదా, రాత్రికి చేరితే చాలనుకున్నాం. జూన్‌లో ఇటు డాలస్‌లోనూ అటు చికాగోలోనూ ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కమ్ముకుంటాయి. ఆ రోజు విమానం ఎక్కి కూర్చున్నాక గంటన్నర రన్‌వే పక్కనే ఆగిపోయాం. హోటల్ చేరేసరికి రాత్రి ఒంటిగంట. పొద్దున ఎర్రబడ్డ కళ్ళతో డార్మ్‌లోకి వెళ్ళింది పిల్ల. వేసవిలో పొద్దున మొదటి ఫ్లైట్లే తీసుకోండి. ఆలస్యమైనా ఆ రోజులో ఇంకో నాలుగు ఫ్లైట్లు మిగిలి ఉంటాయి.

సామాను విషయంలో ఫ్లైట్‌తో చిక్కులు తెలిసినవే. ఒక్కో బ్యాగ్ 50 పౌండ్లు దాటకూడదు, చెక్ చేసే బ్యాగులకు డబ్బు కట్టాలి. సౌత్‌వెస్ట్‌లో బ్యాగులు ఉచితమన్న మాట పాతబడిపోయింది. 2025 మే 28 నుంచి కొన్న టికెట్లలో చాలావాటికి అక్కడా కట్టాలి. ఆవకాయ చేతి బ్యాగులో పెట్టకండి. నూనె, పచ్చడి రెండూ ద్రవాల కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే తీసి పక్కన పడేస్తారు. రెండు జిప్ కవర్లలో చుట్టి చెక్ బ్యాగులో పెట్టాలి. దుప్పట్లు, ఫ్యాన్ లాంటివి ఇక్కణ్ణుంచి మోయకండి. చేరే రోజుకి అక్కడి స్టోర్లో పికప్‌కి ఆర్డర్ పెట్టండి. మన సరుకులు మర్చిపోయినా కంగారు పడక్కర్లేదు, ఎవాన్‌స్టన్‌కి దగ్గర్లోనే మన కొట్లుండే డెవాన్ అవెన్యూ ఉంది. పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు 1974లో తెరిచింది ఆ వీధిలోనే.

పిల్లని ఒంటరిగా పంపాలంటే

ఒంటరిగా వెళ్ళే పిల్లని ఎక్కించింది మొదలు దింపుకునేవాళ్ళ చేతికిచ్చేదాకా ఎయిర్‌లైన్ సిబ్బంది చూసుకునే సేవని ఇక్కడ అప్పగింత అంటున్నాను. ఈ ఒక్క విషయంలో ఎయిర్‌లైన్‌కీ ఎయిర్‌లైన్‌కీ తేడా ఉంది. టికెట్ కొనే ముందే తెలుసుకోవాలి.

| | అమెరికన్ | యునైటెడ్ | సౌత్‌వెస్ట్ |
|---|---|---|---|
| ఒంటరిగా వెళ్తే సిబ్బంది అప్పగింత తప్పనిసరి అయిన వయసు | 5 నుంచి 14 | 5 నుంచి 14 | 5 నుంచి 11 |
| ఆ వయసు దాటాక | 15 నుంచి 17కి కావాలంటే తీసుకోవచ్చు | 15 నుంచి 17కి కావాలంటే తీసుకోవచ్చు | 12 నుంచి 17 దాకా అప్పగింత లేకుండా మామూలుగానే వెళ్ళొచ్చు |

అమెరికన్, యునైటెడ్‌లలో ఈ సేవకి ఒక వైపుకి 150 డాలర్లు అదనం. టికెట్ మీద ఇంతమొత్తమా అనిపిస్తుంది. కానీ ఆ డబ్బుకి ఒక పద్ధతి ఉంది: ఎక్కించేవాళ్ళ పేరు, దింపుకునేవాళ్ళ పేరు ముందే రాయించుకుంటారు, దిగాక ఐడీ చూసి ఆ మనిషికే పిల్లని అప్పగిస్తారు. సౌత్‌వెస్ట్‌లో 12 ఏళ్ళు నిండిన పిల్ల ఈ ఖర్చు లేకుండా వెళ్ళొచ్చు, అప్పగింతా ఉండదు. విమానం వేరే ఊళ్ళో దిగాల్సి వస్తే ఫోన్ చేసి, కౌంటర్ దగ్గరికి వెళ్ళి మాట్లాడగలదా అని మీ పిల్ల గురించి మీరే ఆలోచించుకోవాలి. వయసు కంటే స్వభావం ముఖ్యం. మా అమ్మాయి 13 ఏళ్ళకి మాట్లాడగలిగేది కాదు. మా చెల్లెలి కొడుకు 12 ఏళ్ళకే మాట్లాడేసేవాడు.

ఏది ఎంచుకున్నా నేరుగా వెళ్ళే ఫ్లైటే తీసుకోండి. ఫీజులు, వయసు నియమాలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజు ఎయిర్‌లైన్ పేజీ ఒకసారి చూసుకోండి. ప్రోగ్రాం వాళ్ళు ఎయిర్‌పోర్టు నుంచి వ్యాన్ నడుపుతారా, ఏ టైముల మధ్య దిగే ఫ్లైట్లకి నడుపుతారు, అప్పగింత పిల్లల్ని గేటు దగ్గరికి వచ్చి తీసుకుంటారా అన్నవి హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి. లేకపోతే మెయిల్ పెట్టి రాతలో జవాబు తీసుకోండి. వ్యాన్ బ్యాగేజీ దగ్గరికే వస్తుందంటే అప్పగింత పిల్లకి అది పనికిరాదు.

కాగితాలు

2025 మే 7 నుంచి దేశం లోపలి ఫ్లైట్లకూ రియల్ ఐడీ (నక్షత్రం గుర్తున్న లైసెన్స్) గానీ పాస్‌పోర్టు లాంటిది గానీ కావాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు డ్రైవింగ్ లైసెన్స్ మీద నక్షత్రం గుర్తు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఇండియన్ పాస్‌పోర్టు చాలు. వీసా రెన్యువల్‌కో పాస్‌పోర్టు రెన్యువల్‌కో అసలు పుస్తకం పంపేసిన సమయంలో ఈ ప్రయాణం పడితే, లైసెన్స్ రియల్ ఐడీ కాకపోతే, కారే నిశ్చింత. 18 ఏళ్ళ లోపు పిల్లలకు దేశం లోపల ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ చూసే టీఎస్‌ఏ ఐడీ అడగదు. అయినా వయసు చూపించే కాగితం ఒకటి బ్యాగులో పెట్టండి, ఎయిర్‌లైన్ వాళ్ళు అడగొచ్చు.

డబ్బు లెక్క

ఇవి మా ఇంటి అంచనాలు. గ్యాలన్‌కి 28 మైళ్ళిచ్చే కారు, గ్యాలన్ 3.20 డాలర్లు, హోటల్ రాత్రికి 130, ఫ్లైట్ ఒక వైపుకి మనిషికి 150 అనుకుని వేసినవి. దింపడానికి వెళ్ళి రావడం వరకే.

| ఖర్చు (డాలర్లలో) | కారు: ఒక పెద్ద, పిల్ల | ఫ్లైట్: ఒక పెద్ద, పిల్ల | ఫ్లైట్: పిల్ల ఒక్కతే | కారు: నలుగురు | ఫ్లైట్: నలుగురు |
|---|---|---|---|---|---|
| పెట్రోలు లేదా టికెట్లు | 220 | 450 | 150 | 220 | 1,050 |
| అప్పగింత ఫీజు | లేదు | లేదు | 150 | లేదు | లేదు |
| హోటల్ (2 రాత్రులు) | 260 | లేదు | లేదు | 260 | లేదు |
| టోల్, పార్కింగ్, క్యాబ్, వ్యాన్ | 30 | 120 | 50 | 30 | 130 |
| బ్యాగులు | లేదు | 85 | 85 | లేదు | 85 |
| తిండి | 80 | 40 | లేదు | 160 | 100 |
| మొత్తం | 590 | 695 | 435 | 670 | 1,365 |

ఒక పెద్ద, ఒక పిల్ల వెళ్తే రెంటికీ తేడా 105 డాలర్లు. 1,900 మైళ్ళకి కారు అరుగుదల, ఆయిల్, టైర్లు కలిపితే ఆ తేడా కూడా మిగలదు. డబ్బును చివర పెట్టమన్నది ఇందుకే. నలుగురు వెళ్తే మాత్రం తేడా 700 దాకా పోతుంది, అప్పుడు డబ్బు మాట్లాడాల్సిందే.

పెట్రోలు గురించి చిన్న చిట్కా: ఇల్లినాయ్‌లో పన్నులెక్కువ. మిజోరీలోనే ట్యాంకు నింపుకుని నది దాటండి. ఓక్లహోమా టోళ్ళకి మన డాలస్ టోల్‌ట్యాగ్ పనిచేస్తుంది. టెస్లా ఉన్నవాళ్ళు ఛార్జింగ్ ఆగుళ్ళకి కనీసం రెండు గంటలు కలుపుకోండి.

ఎవరికి ఏది

డ్రైవ్ చేసేవాళ్ళు ఇద్దరు, ఒక్క పిల్ల, మొదటిసారి ఇల్లు వదిలి వెళ్తోంది: కారులో దింపండి. ఒక్క రోజు సెలవు పెట్టాల్సి వచ్చినా పెట్టండి.

డ్రైవ్ చేసేది ఒక్కరే అయితే ఫ్లైట్, పొద్దున మొదటిది. మిగతా విషయాలేవీ ఈ నిర్ణయాన్ని మార్చకూడదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉన్న వేసవి అయితే కొంచెం ఎక్కువ ఆలోచించాలి. వాళ్ళను ఇంట్లో ఒంటరిగా వదిలి రెండు మూడు రోజులు వెళ్ళలేం. కారులో తీసుకెళ్తే 15 గంటలు కూర్చుంటే కాళ్ళు వాస్తాయి, షుగర్, బీపీ మందుల టైములు తప్పుతాయి. అలాగని వాళ్ళకి చికాగో చూడాలనే ఉంటుంది. 1893లో వివేకానందుడు మాట్లాడిన భవనం ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అని చెబితే మా మామగారు వెంటనే చెప్పులేసుకున్నారు. వాళ్ళు వస్తే దారిని రెండు రాత్రులుగా విడగొట్టండి, గంటన్నరకోసారి దిగి పది నిమిషాలు నడిపించండి. అంత తీరిక లేకపోతే ఒకరు ఇంట్లో వాళ్ళతో ఉండి, ఇంకొకరు పిల్లతో ఫ్లైట్‌లో వెళ్ళి రావడమే మంచిది.

ఐదారేళ్ళ చిన్నది కూడా ఉంటే, కారులో వాంతులయ్యే అలవాటుంటే, దాన్ని ఈ ప్రయాణంలో పెట్టకండి. అక్కని దింపే రోజు అందరి ధ్యాసా చెల్లి మీదే ఉంటుంది. ఆ రోజు అక్కది.

15 దాటిన పిల్ల, అదే ప్రోగ్రాంకి రెండోసారో మూడోసారో వెళ్తోంది: ఒంటరిగా ఫ్లైట్ ఎక్కించండి. తనూ అదే కోరుకుంటుంది.

రైలు సంగతి కూడా అడుగుతారు. టెక్సస్ ఈగిల్ డాలస్ నుంచి చికాగోకి రోజూ ఉంది. 22 గంటల పైనే, గూడ్సు బళ్ళకి దారిస్తూ తరచూ ఆలస్యమవుతుంది. చెక్-ఇన్ టైము గట్టిగా ఉన్న ప్రయాణానికి వద్దు.

మేము చేసింది: వెళ్ళేటప్పుడు కారు, వచ్చేటప్పుడు ఫ్లైట్

రెండో వేసవి కారులో దింపి, మూడు వారాల తర్వాత తనని ఒక్కదాన్నే ఫ్లైట్‌లో రప్పించాం. పై లెక్క ప్రకారం, ఒక పెద్ద, పిల్ల అనుకుంటే, 590కి 435 కలిపితే 1,025. రెండుసార్లూ కారయితే 1,180, రెండుసార్లూ మాలో ఒకరం ఫ్లైట్‌లో వెళ్ళొస్తే 1,390. డబ్బూ తక్కువే, నాకు వాడాల్సి వచ్చిన సెలవు ఒక్క రోజే.

తిరిగి వచ్చేటప్పుడు పిల్ల పరిస్థితి వేరు. భయం పోయి ఉంటుంది, స్నేహితులుంటారు, వీడ్కోలు రోజున ఎయిర్‌పోర్టు దాకా వాళ్ళతో కలిసి వెళ్ళాలనే చూస్తుంది. అప్పుడు మనం వెళ్ళి క్యాంపస్ బయట కారులో కూర్చుంటే తొందరపెట్టినట్టే ఉంటుంది. ఆ సాయంత్రం తనకి అలసట, నిద్ర తప్ప ఇంకేమీ ఉండవు. 15 గంటల కారు కబుర్లు అప్పుడు జరగవు, మేం అడిగితే మాట్లాడాలి కదా అన్నట్టు మాట్లాడుతుంది.

దీనికి ఒక సర్దుబాటు కావాలి: వెళ్ళేటప్పుడు డిక్కీ నిండా వేసుకెళ్ళిన సామాను వచ్చేటప్పుడు రెండు బ్యాగుల్లో పట్టాలి. అందుకని ఫ్యాన్, లాండ్రీ బుట్ట, పాత దుప్పట్లు అక్కడే ఎవరికైనా ఇచ్చేసే ఉద్దేశంతో తీసుకెళ్ళాం. ఖాళీగా మడతపెట్టే డఫెల్ బ్యాగ్ ఒకటి అదనంగా పెట్టాం. పుస్తకాలు బరువెక్కితే పోస్టాఫీసులో మీడియా మెయిల్ ఉంది, పుస్తకాలకి చాలా చవక.

తిరుగు టికెట్ దింపిన రోజున కాదు, అడ్మిషన్ ఖాయమైన వారంలోనే కొనేయండి. చివరి రోజు కార్యక్రమం ఎన్నింటికి అయిపోతుందో చూసి, ఓహేర్‌కి రెండున్నర గంటల ముందు చేరేలా టైము పెట్టుకోండి. ఆ రోజు మధ్యాహ్నం ఫ్లైట్ తప్పకపోతే, ఆలస్యమైతే రాత్రికి పిల్లని ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి. అప్పగింత పిల్లయితే ఎయిర్‌లైన్‌తో, లేకపోతే నేపర్‌విల్‌లోనో షాంబర్గ్‌లోనో ఉన్న తెలిసినవాళ్ళతో. మన పిన్నిగారి ఆడపడుచు కూతురైనా ఎవరో ఒకరు చికాగో చుట్టుపక్కల ఉంటారు. మొహమాటపడకుండా ఒక ఫోన్ చేసి పేరు, నంబరు పిల్ల ఫోన్లో వేయించండి.

దింపుకునే రోజు డీఎఫ్‌డబ్ల్యూలో చేయాల్సినది ఇంకొకటుంది. ఫారంలో రాసిన మనిషే వెళ్ళాలి, ఐడీతో. కౌంటర్లో గేట్ పాస్ తీసుకుని సెక్యూరిటీ దాటి గేటు దాకా వెళ్ళాలి, దానికి గంటన్నర ముందుండాలి. మేం ఫారంలో ఇద్దరి పేర్లూ రాశాం, రాయనిచ్చారు. మావారు పార్కింగ్‌లో ఇరుక్కుపోతే నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళాను. విమానంలోంచి అందరూ దిగేశాక చివర్లో సిబ్బందితో కలిసి వచ్చింది. నా ఐడీ చూసి, సంతకం పెట్టించుకుని వదిలారు. కారు దాకా నడుస్తూనే మొదటి వారం భోజనాల దగ్గర తన పక్కన ఎవరెవరు కూర్చున్నారో పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.